రాత్రంతా ఎక్కి శ్రీపాద మీద సూర్యోదయం చూడాలంటే: తిరుపతి, చిత్తూరు వాళ్లు ఎలా తయారవ్వాలి

అలిపిరి మెట్లు ఎక్కిన కాళ్లకు శ్రీలంకలోని శ్రీపాద కొండ ఒక లెక్కా అని మన వైపు చాలామంది అనుకుంటారు. ఎక్కడం వరకు ఆ ధైర్యం తప్పేమీ కాదు. చిక్కంతా దిగేటప్పుడే వస్తుంది. తిరుమలకు నడిచి వెళ్లేవాళ్లలో ఎక్కువమంది దర్శనం చేసుకుని బస్సెక్కి కిందికి వచ్చేస్తారు. ఏటా మొక్కు తీర్చుకుంటున్నా, వేల మెట్లు దిగడం మన కాళ్లకు అలవాటు ఉండదు. శ్రీపాద పైనుంచి బస్సు లేదు, రోప్‌వే లేదు. రాత్రి నిద్ర మానుకుని ఎక్కిన మెట్లన్నీ ఎండెక్కుతుండగా దిగాల్సిందే. అందుకే ఈ యాత్రకు తయారీ కొలంబోలో కాదు, ఇక్కడ శ్రీవారి మెట్టు దగ్గర మొదలవ్వాలి.

ముందు కొండ సంగతి

శ్రీపాద ఎత్తు 2,243 మీటర్లు. శిఖరం మీద రాతిపై ఉన్న పాదముద్ర బౌద్ధులకు బుద్ధుడిది, హిందువులకు శివుడిది, ముస్లింలకు, క్రైస్తవులకు ఆదాముది. తమిళులు శివనొళిపాదమలై అంటారు. ఎక్కడానికి నాలుగైదు దారులున్నాయి. మొదటిసారి వెళ్లేవాళ్లు హట్టన్ పట్నం మీదుగా నల్లతన్ని అనే ఊరికి చేరి అక్కడినుంచి ఎక్కే దారినే పట్టుకోవాలి. రత్నపుర వైపు దారి చాలా పొడుగు, రాత్రిపూట కొత్తవాళ్లకు మంచిది కాదు.

నల్లతన్ని 1,200 మీటర్ల పైచిలుకు ఎత్తులో ఉంది. అంటే మీరు ఎక్కాల్సింది దాదాపు వెయ్యి మీటర్లు. మెట్లు సుమారు 5,500 అంటారు. అలిపిరి దారిలో 3,550, శ్రీవారి మెట్టు దారిలో 2,388. అంకెలకంటే ముఖ్యమైన తేడా ఇంకొకటుంది. అలిపిరిలో కష్టమంతా ముందే వస్తుంది. 2,083వ మెట్టు దగ్గర గాలిగోపురం దాటితే జింకల పార్కు, ఏడో మైలు ఆంజనేయస్వామి వరకు కాళ్లకు బాగా ఊరట దొరుకుతుంది, చివర్లో మోకాళ్ల పర్వతం ఒక్కటే పరీక్ష పెడుతుంది. శ్రీపాద దీనికి తలకిందులు. మొదటి ముప్పావు గంట టీ తోటల మధ్య దాదాపు చదునుగా నడిపించి, మెట్లు మొదలయ్యాక పైకి వెళ్లేకొద్దీ నిటారవుతుంది. ఒళ్లు పూర్తిగా అలిసిన చివరి గంటలో అన్నిటికన్నా నిట్రమైన మెట్లు ఎదురవుతాయి. అలిపిరి లెక్కన మొదట్లో జోరుగా నడిచేవాళ్లు ఇక్కడే కూలబడతారు.

ఎప్పుడు వెళ్లాలి

యాత్ర సీజన్ డిసెంబరు పౌర్ణమి నుంచి మే నెల వైశాఖ పౌర్ణమి వరకు. ఈ నెలల్లో దారంతా దీపాలు వెలుగుతాయి, టీ కొట్లు రాత్రంతా తెరిచి ఉంటాయి, తోడుగా జనం ఉంటారు. మిగతా నెలల్లో దీపాలుండవు, కొట్లు మూసేస్తారు, వాన, గాలి, జలగలు. సీజన్ కానప్పుడు వెళ్లొద్దనే మా మాట.

సీజన్లో కూడా జనవరి నుంచి మార్చి మధ్య వరకు ఆకాశం తేటగా ఉండే అవకాశం ఎక్కువ. డిసెంబరులో ఈశాన్య రుతుపవనాల వాన ఇంకా పట్టుకునే ఉండొచ్చు. ఏప్రిల్లో మధ్యాహ్నాలు ఉరుములతో వానలు పడతాయి గానీ తెల్లవారుజాము తరచుగా బాగుంటుంది.

పౌర్ణమి రోజును అక్కడ పోయ అంటారు. ప్రభుత్వ సెలవు, విపరీతమైన రద్దీ. వెన్నెల్లో ఎక్కితే బాగుంటుందని సరిగ్గా ఆ రోజే పెట్టుకుంటే చివరి మెట్ల మీద గంటలకొద్దీ క్యూలో నిలబడి, సూర్యోదయం పక్కవాళ్ల తలల మధ్య నుంచి చూడాల్సి వస్తుంది. శని, ఆదివారాలు కూడా అంతే. సోమవారం నుంచి గురువారం లోపు, పౌర్ణమికి నాలుగైదు రోజులు అటో ఇటో చూసుకోండి. నల్లతన్నిలో బస రెండు రాత్రులకు తీసుకోండి. మొదటి రాత్రి వాన పట్టుకుంటే రెండో రాత్రి మిగులుతుంది. ఒక్క రాత్రికే ప్లాన్ చేసుకుంటే వానలో కూడా మొండిగా ఎక్కేస్తారు, తడిసిన మెట్ల మీద జారేది అప్పుడే.

ఆరు వారాల తయారీ

దిగేటప్పుడు తొడ ముందు కండరాలు బరువును ఆపుతూ సాగుతాయి. అలవాటు లేని కండరం ఇలా సాగితే లోపల సన్నటి చిరుగులు పడి, మర్నాడు, ఆ మర్నాడు నొప్పి ముదురుతుంది. సంతోషించాల్సిన విషయం ఏమిటంటే, ఒక్కసారి బాగా దిగి ఆ నొప్పి పడితే తర్వాత కొన్ని వారాలపాటు కండరం తట్టుకుంటుంది. మన తయారీ అంతా ఈ సూత్రం మీదే నడవాలి.

ఇందుకు అలిపిరి కన్నా శ్రీనివాసమంగాపురం దగ్గరి శ్రీవారి మెట్టు మేలు. 2,388 మెట్లు సుమారు రెండు కిలోమీటర్లలోనే వస్తాయి, మధ్యలో చదును తక్కువ. శ్రీపాద చివరి భాగానికి ఇదే దగ్గరి పోలిక. పగటిపూటే తెరిచి ఉంటుంది కాబట్టి ఉదయం గేటు తీసే వేళకు చేరుకోండి.

మొదటి వారం 1,200 మెట్లు ఎక్కి, అక్కడినుంచే వెనక్కి దిగిపోండి. పైకి వెళ్లి బస్సులో వస్తే ఈ తయారీకి ఏమీ కలిసిరాదు. రెండు రోజులు తొడలు పట్టేస్తాయి, కుర్చీలోంచి లేవాలన్నా మూలుగుతారు, భయపడకండి. రెండో వారం మళ్లీ అంతే చేయండి, నొప్పి సగానికి తగ్గడం మీకే తెలుస్తుంది. మూడు, నాలుగు వారాల్లో పూర్తిగా ఎక్కి పూర్తిగా దిగండి. ఐదో వారం ఒకే రోజు రెండుసార్లు ఎక్కి దిగితే 4,776 మెట్లవుతాయి. మధ్యలో గంట విశ్రాంతి తీసుకోవచ్చు. దీని తర్వాత ప్రయాణానికి కనీసం ఎనిమిది రోజులు గడువుండాలి. చివరి వారం మళ్లీ సగం వరకే వెళ్లి దిగండి, ఆపైన కాళ్లకు విశ్రాంతి.

చిత్తూరులో ఉండి వారం వారం రాలేనివాళ్లకు అపార్ట్‌మెంటు మెట్లు చాలు. అంతస్తుకు 20 మెట్ల చొప్పున ఐదంతస్తులకు నూరు. పన్నెండుసార్లు ఎక్కి దిగితే 1,200. లిఫ్టులో దిగకూడదు, అంతే.

మూడో వారం నుంచి ఎక్కడానికి పట్టిన సమయం రాసి పెట్టుకోండి. శ్రీవారి మెట్టు పూర్తిగా ఎక్కడానికి ఎంత పట్టిందో దాన్ని రెండున్నరతో గుణిస్తే శ్రీపాద ఎక్కడానికి పట్టే సమయం దాదాపుగా వస్తుంది. గంటా పావు పట్టినవాళ్లకు మూడు గంటల పైచిలుకు, గంటన్నర పట్టినవాళ్లకు మూడు గంటల ముప్పావు. రెండు గంటలు దాటేవాళ్లు ఇంకో నెల తయారై వెళ్లడం మంచిది.

రాత్రి నడక అలవాటు చేసుకోవాలని అలిపిరిలో రాత్రిపూట ప్రయోగాలు చేయకండి. 2023 ఆగస్టులో చిరుత దాడిలో ఆరేళ్ల పాప చనిపోయాక ఆ దారిలో సమయాలు, పిల్లల విషయంలో ఆంక్షలు పెట్టారు. ఏ వేళ ఎవరిని వదులుతున్నారో తెలుసుకుని, గుంపుతోనే నడవాలి. గుండె జబ్బు, ఆయాసం, పాత మోకాలి దెబ్బ ఉన్నవాళ్లు డాక్టరును అడిగాకే తయారీ మొదలుపెట్టండి. ఎత్తు వల్ల వచ్చే తలనొప్పి, వాంతుల బాధ మాత్రం 2,243 మీటర్లకు మామూలుగా ఉండదు.

వెళ్లే దారి

తిరుపతి నుంచి రైల్లోనో బస్సులోనో చెన్నైకి, అక్కడినుంచి విమానంలో గంటన్నర లోపే కొలంబో. శ్రీలంకలోకి వెళ్లడానికి కావాల్సిన ఈటీఏ అనుమతి ముందే ఆన్‌లైన్లో, శ్రీలంక ప్రభుత్వ సైట్‌లోనే తీసుకోండి, అదే పేరుతో దళారీ సైట్లు చాలా ఉన్నాయి. కొలంబో ఫోర్ట్ స్టేషన్ నుంచి హట్టన్‌కు రైల్లో నాలుగున్నర, ఐదు గంటలు. వానలకు కొండచరియలు విరిగిపడి ఆ లైను ఆగిపోయే సందర్భాలు ఉంటాయి కాబట్టి బయలుదేరే ముందు రైళ్లు నడుస్తున్నాయో లేదో కనుక్కోండి. హట్టన్ నుంచి మస్కెలియా మీదుగా నల్లతన్నికి బస్సులో ఇంకో గంటన్నర, రెండు గంటలు. నగదు హట్టన్లోనే తీసిపెట్టుకోండి.

భాష బెంగ అక్కర్లేదు. హట్టన్ చుట్టూ టీ తోటల్లో తమిళం మాట్లాడేవాళ్లే ఎక్కువ. చిత్తూరు వైపు వాళ్లకు వచ్చే తమిళం గది అద్దెకూ ఆటో బేరానికీ బాగా సరిపోతుంది.

సంచిలో ఏం పెట్టాలి

సంచి బరువు నాలుగు కిలోలు దాటకూడదు. అందరూ మరిచిపోయేవి రెండున్నాయి. ఒకటి, పొడి బనియన్, పొడి టీషర్టు, ప్లాస్టిక్ కవరులో చుట్టి. రెండోది, మందపాటి ఉన్ని సాక్సు. ఎందుకో పైకి వెళ్లాక చెబుతాం.

ఇవి కాక గాలి దూరని జాకెట్, లోపలికి స్వెట్టర్, మంకీ క్యాప్, పల్చటి రెయిన్‌కోటు. తిరుమలలో డిసెంబరు చలికి వేసుకునే స్వెట్టర్ ఒక్కటే సరిపోదు. శిఖరం మీద పది డిగ్రీల లోపుకు పడిపోతుంది, దానికి గాలి తోడవుతుంది. తలకు కట్టుకునే టార్చి తీసుకోండి. దీపాలున్నా కరెంటు పోవచ్చు, చెయ్యి కమ్మీ పట్టుకోవడానికి ఖాళీగా ఉండాలి. లీటరు నీళ్లు, రెండు ఓఆర్ఎస్ పొట్లాలు, వేరుశనగ చిక్కీలు, ఖర్జూరాలు. దిగేటప్పుడు ఊతానికి ఒక కర్ర.

కొత్త బూట్లు వద్దు. తయారీలో వాడిన జతే వేసుకోండి. కాలి గోళ్లు రెండు రోజుల ముందే కత్తిరించుకోండి. దిగేటప్పుడు పాదం ముందుకు జారి బూటు కొనకు బొటనవేలు వేలసార్లు తగులుతుంది, గోరు నల్లబడి ఊడేది అందుకే. చెప్పులు లేకుండా ఎక్కుతామని మొక్కుకున్నవాళ్లు కూడా సంచిలో ఒక జత పెట్టుకోండి. సిమెంటు మెట్ల అంచులు అరిగి గరుకుగా ఉంటాయి, రాత్రిపూట రాయి మంచులా చల్లగా ఉంటుంది.

ఆ రాత్రి

సాయంత్రం ఆరుకల్లా తేలిగ్గా తినేయండి. పెరుగన్నం, ఇడ్లీ లాంటివి. పొట్టనిండా తిని అర్ధరాత్రి ఎక్కితే గుండెల్లో మంట మొదలవుతుంది. ఏడున్నరకు పడుకోండి. నిద్ర పట్టకపోయినా కళ్లు మూసుకుని పడుకుంటే చాలు.

బయలుదేరే సమయం తోచినట్టు పెట్టుకోకూడదు, లెక్క వేయాలి. మన గడియారమే అక్కడా నడుస్తుంది. సూర్యోదయం డిసెంబరు మధ్యలో ఆరూ పది ప్రాంతంలో, జనవరి, ఫిబ్రవరిలో ఆరూ ఇరవై దాటాక, ఏప్రిల్ మధ్యకు ఆరు గంటలకు. దానికి ముప్పావు గంట ముందు మీరు పైన ఉండాలి, రంగులు మొదలయ్యేది అప్పుడే. ఇప్పుడు వెనక్కి లెక్కపెట్టండి. ఫిబ్రవరిలో ఐదున్నరకు పైకి చేరాలి. మీ లెక్క మూడు గంటలైతే, రద్దీకి పావుగంట కలిపి రెండుంపావుకు బయలుదేరాలి.

చాలామంది భయంతో అర్ధరాత్రే మొదలుపెట్టి నాలుగింటికే పైకి చేరిపోతారు. చెమటతో తడిసిన బట్టలతో, చలిగాలిలో, చెప్పులు విప్పి రెండు గంటలు కూర్చోవాలి. అంత కష్టపడి ఎక్కి, వణుకు ఆగక సూర్యుడు రాకముందే దిగిపోయేవాళ్లు వీళ్లే. పొరపాటున ముందే బయలుదేరారనుకోండి, దారిలోని టీ కొట్లలో ఆగుతూ వెళ్లండి. వేచి ఉండాల్సింది కిందే, పైన కాదు.

ఎక్కేటప్పుడు

మొదటి ముప్పావు గంట కావాలనే మెల్లగా నడవండి. పక్కవాళ్లతో మాట్లాడుతూ నడవగలగాలి, మాట తెగుతోందంటే వేగం ఎక్కువైనట్టే. మకరతోరణం దాటాక జపాన్ బౌద్ధులు కట్టిన తెల్లటి శాంతి స్తూపం వస్తుంది. సీతగంగుల అనే వాగు దగ్గర యాత్రికులు ముఖం, కాళ్లు కడుక్కుంటారు. నీళ్లు జిల్లుమంటాయి, సాక్సు తడవకుండా చూసుకోండి. తడి సాక్సుతో రెండు గంటలు ఎక్కితే మడమ బొబ్బ ఖాయం.

ఇక్కడినుంచి మెట్లు గట్టిగా మొదలవుతాయి. ఎత్తు సమానంగా ఉండదు, ఒకటి జానెడు, ఇంకొకటి మూరెడు. ఎత్తయిన మెట్టు మీదికి ఒక్క ఊపున ఎగరకండి. పక్కన చిన్న రాయి, అంచు ఏదైనా ఉంటే దాన్ని వాడుకోండి. పాదం మొత్తం మెట్టు మీద ఆనాలి. మునివేళ్ల మీద ఎక్కితే గంటలో పిక్కలు పట్టేస్తాయి. అరగంటకోసారి మూడు నిమిషాలు నిలబడి, రెండు గుక్కలు నీళ్లు, ఒక ఖర్జూరం. పది నిమిషాలు కూర్చుంటే ఒళ్లు చల్లబడి లేవబుద్ధి కాదు.

దిగుతూ ఎదురయ్యేవాళ్లు ‘కరుణావై’ అని పలకరిస్తారు, మీరూ అలాగే అనండి. సగం దాటాక ఇందికటుపాన అనే చోట మొదటిసారి వచ్చినవాళ్లు సూది, దారం సమర్పించడం చూస్తారు. చివరిది మహగిరిదంబ. నిటారుగా లేచిన మెట్లు, కమ్మీలు, వెళ్లేవాళ్లూ వచ్చేవాళ్లూ ఒరుసుకునేంత ఇరుకు. ఇక్కడ ఇరవై మెట్లకోసారి ఆగి, ఊపిరి కుదుటపడ్డాక మళ్లీ ఇరవై. కమ్మీని ఊతానికి పట్టుకోండి గానీ చేతులతో ఒళ్లంతా పైకి లాక్కోకండి, దిగేటప్పుడు ఆ చేతులతో చాలా పని ఉంది.

పైన

శిఖరానికి పావుగంట ముందు వచ్చే చివరి కొట్లలో ఒకదాని దగ్గర ఆగండి. టీ తాగి, తడిసిన బనియన్, చొక్కా విప్పి, కవరులోని పొడివి తొడుక్కుని, పైన స్వెట్టర్, జాకెట్. చెమట ఆరేటప్పుడు ఒంటి వేడినంతా లాగేస్తుంది, జాకెట్ ఎంత మందమైనా లోపల తడి ఉంటే వణుకు తప్పదు. శిఖరం మీద ఇరుకులో ఈ పని కుదరదు.

పైన చెప్పులు, బూట్లు విప్పాలి. ఉన్ని సాక్సు తెచ్చింది ఇందుకే. బూట్లు సంచిలో పెట్టుకుంటే దిగేటప్పుడు వెతుకులాట ఉండదు. పాదముద్ర ఉన్న గుడిలో ఫోటోలు తీయకూడదు. గంట ఉంటుంది, ఎన్నిసార్లు ఎక్కారో అన్నిసార్లు కొట్టడం ఆచారం. మొదటిసారి వెళ్లినవాళ్లు ఒక్కసారే కొట్టాలి.

తూర్పు వైపు గోడ దగ్గర చోటు చూసుకోండి. ముందు నారింజ గీత, తర్వాత కింద లోయల్లో పరుచుకున్న మబ్బు తెల్లబడటం, మేళతాళాలు, ఆ తర్వాత సూర్యుడు. ఈ వేడుకను సింహళంలో ఇర సేవయ అంటారు. సూర్యుడు పైకి వచ్చిన ఐదు నిమిషాల్లో అందరూ దిగడానికి తోసుకుంటారు. మీరు వాళ్ల వెంట పడకండి. వెంటనే పడమటి వైపుకు వెళ్లండి. కొండ నీడ, కింద పరుచుకున్న మబ్బు మీద, దూరపు మైదానం మీద గీసినట్టు త్రికోణంగా పడుతుంది. నీడ అంచులు చాలా దూరం సాగి, రైలు పట్టాల్లాగా దూరాన కలిసినట్టు కనిపించడం వల్ల ఆ ఆకారం వస్తుంది. సూర్యుడు ఎక్కేకొద్దీ నీడ కురచబడి ఇరవై నిమిషాల్లో ఆ రూపం చెదిరిపోతుంది. ఇంత దూరం వచ్చి ఈ నీడ చూడకుండా దిగిపోయేవాళ్లను చూస్తే నిజంగా బాధేస్తుంది. అప్పటికి దారి కూడా కాస్త ఖాళీ అవుతుంది.

దిగేటప్పుడు

బూట్లు వేసుకునే ముందు పల్చటి పొడి సాక్సు మార్చుకోండి. చీలమండ దగ్గర లేసు బిగించి, వేళ్ల దగ్గర వదులుగా ఉంచండి. మడమ వెనక్కి ఆనుకుని ఉంటే వేళ్లు ముందుకు కొట్టుకోవు.

కర్రను ముందు కింది మెట్టు మీద పెట్టి, తర్వాత కాలు దించండి. మోకాలు పూర్తిగా చాచి దిగితే దెబ్బంతా కీలుకే తగులుతుంది, కొంచెం వంచి ఉంచండి. నిట్రంగా ఉన్నచోట ఒళ్లు కాస్త పక్కకు తిప్పి అడ్డంగా దిగండి. పది నిమిషాలకోసారి పక్క మార్చండి, లేకపోతే ఒక్క మోకాలే బరువంతా మోస్తుంది. కుర్రాళ్లు గంతులేస్తూ దాటిపోతుంటే పోటీపడొద్దు. నిద్రలేమి వల్ల అడుగు అంచనా తప్పేది ఎక్కువగా సగం దారి దాటాకే, తేలికైన మెట్ల మీదే. తొడలు వణకడం మొదలైతే అది ఆగమని చెప్పడమే. అక్కడే కూర్చుని ఓఆర్ఎస్ కలుపుకుని తాగి, పది నిమిషాల తర్వాత లేవండి. దిగడానికి రెండున్నర గంటల కన్నా తక్కువ లెక్క వేసుకోకండి. ఎనిమిదిన్నర దాటితే ఎండ చురుక్కుమంటుంది, జాకెట్ విప్పి టోపీ పెట్టుకోండి. చిక్కీ కవర్లు, ఖాళీ సీసాలు మీ సంచిలోనే కిందికి రావాలి.

గదికి చేరాక వెంటనే పడుకోకుండా పావుగంట చదును నేల మీద నడవండి, నీళ్లు బాగా తాగండి, తినండి, అప్పుడు నిద్రపోండి. మోకాలు వాచినా, పొడిచినట్టు నొప్పి ఉన్నా అది కండరం నొప్పి కాదు, డాక్టరుకు చూపించాలి. ఉత్త తొడల నొప్పైతే రెండో రోజున బాగా ముదిరి, నాలుగో రోజుకు సర్దుకుంటుంది. ఆ రెండో రోజున విమానం పెట్టుకోకండి. తప్పకపోతే సీటు నడవ పక్కన తీసుకోండి, కాళ్లు చాపుకోవడానికి, మధ్యలో లేచి నాలుగడుగులు వేయడానికి వీలుంటుంది.